సదరు గంగమ్మగారి వంశం

తాడిపర్తి విశ్వేశ్వరరావుగారు సర్కారు కొలువులో ఉన్నన్నాళ్లూ రాసిన మాటలన్నీ కుప్పపోస్తే అందులో సగం 'సదరు' అనే మాటే తేలుతుంది. సదరు అర్జీదారు, సదరు స్థలం, సదరు గోడ, సదరు గోడ దూకిన సదరు మేక. పైన ఒకసారి చెప్పిన మనిషినో వస్తువునో మళ్లీ చెప్పాల్సి వస్తే ముందు 'సదరు' తగిలించడం కచేరీ భాషలో మర్యాద. ఆ మర్యాదే తిరిగి తిరిగి తన కొంప మీదికి వస్తుందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

కాకినాడలో సూపరింటెండెంటుగా రిటైరై, భార్య అమ్మణ్ణితో కలిసి చందానగర్‌లో కొడుకు అవినాష్ దగ్గర ఉంటున్నారాయన. అవినాష్ సాఫ్ట్‌వేరు. నిరుడు కంపెనీవాళ్లు పొద్దున్నే ఒక మెయిల్ పంపి, మధ్యాహ్నానికల్లా మెళ్లో కార్డు తీయించి ఇంటికి సాగనంపారు. అప్పట్నుంచి కుర్రాడు గది తలుపేసుకుని కూర్చున్నాడు. నవ్వడు, పలకడు, అన్నానికి పిలిస్తే "తర్వాత" అంటాడు. తండ్రి తలుపు బయట నిలబడి దగ్గడం, తల్లి కనిపించిన దేవుడికల్లా మొక్కడం, ఆ ఇంట్లో జరిగిన పని అదొక్కటే.

పాత ఆఫీసులో వాడితో పనిచేసిన ప్రవీణ మాత్రం మొహమాటం లేకుండా వచ్చి, తలుపు దబదబా బాది, వాణ్ని లాక్కెళ్లి టీ తాగించి తెచ్చి దింపేది. వాళ్లిద్దరి సంగతీ రెండిళ్లలోనూ తెలుసు. అయితే ప్రవీణ తండ్రి మధుసూదన్ కడప నుంచి వచ్చి, రియల్ ఎస్టేటులో పైకొచ్చి, కోకాపేటలో విల్లా కట్టిన మనిషి. ఉద్యోగం ఊడిన అల్లుణ్ని తెచ్చుకుని నలుగురికీ ఏమని చూపించుకుంటాడు? "చూద్దాంలే" అని నాన్చుకుంటూ వచ్చాడు.

అలాంటప్పుడు గచ్చిబౌలిలో 'ముత్తాత' అనే కొత్త కంపెనీ అవినాష్‌ను పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆ కంపెనీ పనేమిటయ్యా అంటే, ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్న పాత కచేరీ కాగితాలకు ఫొటోలు తీయించి కంప్యూటర్‌కు మేపడం. మీ పేరు, మీ తాత పేరు, ఊరి పేరు ఇస్తే చాలు, కంప్యూటర్ ఆ కాగితాలన్నీ చదివేసి, మీ వంశవృక్షం గీసి ఫోనులో పెడుతుంది. తద్దినం నాడు పంతులుగారు ముత్తాత పేరడిగితే గుటకలు మింగే జనానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎగబడ్డారు.

అవినాష్‌కు ఉద్యోగం రాగానే మధుసూదన్ మెత్తబడ్డాడు. బంధువులందర్నీ పిలిచి తాంబూలాలు మార్చుకుని, విశ్వేశ్వరరావుగారి చెయ్యి పట్టుకుని హాలంతా వినబడేలా చెప్పాడు.

"బావగారూ, పిల్లను మీ ఇంటికిస్తాండా. మా సీమలో మాటంటే మాటే. ఇంగ తిరుగుల్యా!"

కథ ఇక్కడితో సుఖంగా అయిపోవలసింది. కానీ ఒక సాయంత్రం అవినాష్ స్వీటు డబ్బా పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు.

"నాన్నా! హిస్టరీలో ఎవరూ పట్టుకోని డైనస్టీని మా టీమ్ డిస్కవర్ చేసింది. నేనే లీడ్!"

"ఏం వంశంరా?"

"సదరు వంశం! ప్రతి డిస్ట్రిక్ట్ రికార్డులోనూ ఉన్నారు నాన్నా. సదరు సుబ్బయ్య, సదరు మస్తాను, సదరు ఎల్లమ్మ. అన్ని కులాల్లోనూ ఉన్నారు. పొలాలన్నీ వాళ్లవే, కేసులన్నీ వాళ్లే వేశారు, వాళ్ల మీదే వేశారు. ఒకప్పుడు ఈ స్టేట్ మొత్తం వాళ్లదే అయ్యుండాలి."

విశ్వేశ్వరరావుగారికి కాఫీ కొరబోయింది. "ఒరే అబ్బాయ్, సదరు అంటే..." అనబోయేసరికి అమ్మణ్ణి బల్ల కింద కాలు తొక్కింది. ఆవిడ తొక్కుడు ఎలాంటిదో తెలిసిన మనిషి కనుక ఆయన అక్కడితో ఆపేశారు.

వంటింట్లోకి లాక్కెళ్లి ఆవిడ గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "వాడు నవ్వి ఎన్నాళ్లయిందో చూశారాండీ? ఇప్పుడే మీరు తెలుగు పాఠం చెప్పాలా?"

"పాఠం కాదే, పరువు పోతుంది! తెలుగువాడై పుట్టి వాడికి ఆ మాత్రం తెలియకపోవడమేమిటి?"

"ఎక్కణ్నుంచి తెలుస్తుంది? ఇంటర్లో తెలుగొద్దు, మార్కులు రాలవు, సంస్కృతం తీసుకోమన్నదెవరు? ఆ సంస్కృతం కూడా పాపం ఇంగ్లీషులోనే రాసి పాసయ్యాడు నా బిడ్డ."

విశ్వేశ్వరరావుగారు నోరు మూసుకుని ఒక మైసూర్‌పాకు తిన్నారు.

చెప్పొద్దూ, మూసుకున్న నోరు తెరిచే అవకాశం ఆ తర్వాత రాలేదు. కంపెనీ పెద్ద శిరీష పేపర్లవాళ్లను పిలిచి, 'తెలుగు నేల మరిచిన మహావంశం' అని ప్రకటించేసింది. ఫోను తెరిచిన ప్రతివాడికీ ఎక్కడో ఒక సదరు తాత తగలడం మొదలైంది. తగలక ఏం చేస్తాడు? కచేరీ గుమాస్తా కలం కదిపిన చోటల్లా సదరు ఉన్నాడు మరి! కార్ల వెనక అద్దాల మీద 'సదరు బ్లడ్' అని స్టిక్కర్లు వెలిశాయి. సంఘం వెలిసింది. సంఘానికి గోత్రం ఏదన్న దాని మీద రెండు మీటింగులు జరిగి, మూడో మీటింగు కుర్చీలతో ముగిసింది. ఇంకా పాత కాగితాల్లో అదే మాట 'సదరహీ' అని ఉంటుంది కదా, అది దొరికినవాళ్లు తాము పెద్దభార్య సంతానమనీ, వట్టి సదరులంతా చిన్నభార్య సంతానమనీ తేల్చి వేరు కుంపటి పెట్టుకున్నారు.

అసలు సంఘానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మధుసూదనే. వాళ్ల జేజినాయన, అంటే తాత, 'సదరు పెద్దన్న' అని ఫోను చెప్పింది.

వంశమన్నాక మూలపురుషుడుండాలి. వెతగ్గా వెతగ్గా మూలపురుషుడు దొరకలేదు గాని, మూలస్త్రీ దొరికింది. అన్నిటికన్నా పాత కాగితంలో ఉన్న ఆవిడ పేరు సదరు గంగమ్మ. ఫోనులో ఆవిడ చరిత్ర ఇలా వచ్చింది: 'బంధనాలు తెంచుకొన్నది. పోరాడి నిర్బంధమునకు గురైనది. మూడు ఈతలు పూర్తిచేసినది.' ఇంకేముంది! గోదావరిని మూడుసార్లు ఈదిన వీరనారి అని ఊరంతా హోరెత్తింది. నోట కత్తి కరుచుకుని, వరద నీళ్లలో బారలు వేస్తున్న మహాతల్లి బొమ్మ కంప్యూటరే గీసిచ్చింది. మధుసూదన్ దాన్ని నిలువెత్తున అచ్చేయించి, "మా అమ్మ పేరు గూడా గంగమ్మే" అని కళ్లు తుడుచుకున్నాడు.

విశ్వేశ్వరరావుగారు ఇదంతా చూసి లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నారు. కొడుకు ఉద్యోగం నిలబడింది, పెళ్లి ముహూర్తం దగ్గరపడుతోంది, నాలుగు రోజులు పోతే జనం ఇంకో పిచ్చిలో పడతారు, మనకెందుకులే అనుకున్నారు. ఆ అనుకోవడంలోనే పప్పులో కాలేశారు.

ఒక ఆదివారం అవినాష్ ఫోను పట్టుకుని వచ్చాడు. "నాన్నా, గంగమ్మ హస్బెండ్ ఎవరో తెలిసింది. సదరు వెంకటప్పయ్య! మీ ముత్తాత వెంకటప్పయ్యగారే, మన ఊరే. మనమే డైరెక్ట్ లైన్!"

ఆయన ఏదో అనబోయేలోపే బయట కారాగింది. మధుసూదన్ గజమాల పట్టుకుని లోపలికొచ్చి, విశ్వేశ్వరరావుగారి మెళ్లో వేసి గట్టిగా వాటేసుకున్నాడు.

"అన్నా!"

నిన్నటిదాకా 'బావగారూ' అన్న మనిషి ఈ పూట 'అన్నా' అన్నాడేమిటా అని అమ్మణ్ణి కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీదీ మాదీ ఒకటే వంశమంట అన్నా. ఒకటే రక్తం! నాకు తోడబుట్టినోళ్లు లేరని ఎంత ఏడ్చినానో!" అని మధుసూదన్ జేబురుమాలు తీశాడు. "అయితే అన్నా, ఒక సిక్కుండాది. అవినాష్ నాకు కొడుకు వరస అయితాడు. పిల్లకు అన్న. ఇంగ పెండ్లి ఎట్ల జేస్తాం? పాపం తగులుకుంటాది. మా ఇంటి మొగపిల్లోడు మా ఇంటికొచ్చినాడు, అంతే సాలు."

అవినాష్ తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. మధుసూదన్ కారు వీధి మలుపు తిరిగేసరికి వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినగానే విశ్వేశ్వరరావుగారు మెళ్లో గజమాల తీసి కుర్చీలో పడేశారు. మళ్లీ ఆ తలుపు!

ఈసారి ఆయన దగ్గలేదు. తలుపు తట్టి, తెరిపించి, మంచం మీద కొడుకు పక్కన కూర్చుని, సదరు అంటే ఏమిటో మొదట్నుంచీ చెప్పేశారు.

"నాన్నా, ఇది బయటపడితే నా జాబ్ పోతుంది."

"తెలుసురా."

"చెప్పకపోతే ప్రవీణ పోతుంది." అవినాష్ ఫోను తీసి గంగమ్మ పేజీ తెరిచాడు. "చెప్పేద్దాం. కానీ ప్రూఫ్ కావాలి. ఆ కట్టలో మావాళ్లు ఫొటో తీసింది ఈ ఒక్క పేజీయే. కంప్యూటర్ ఏ పేజీకా పేజీ విడిగా చదువుతుంది, ముందు పేజీ చూడదు."

"ముందు పేజీ చూడకుండా సదరు చదివితే ఇంతే మరి!" అన్నారు విశ్వేశ్వరరావుగారు. మర్నాడు ఎంఎంటీఎస్ రైలెక్కి, దిగి, ఆటో మాట్లాడుకుని ఆర్కైవ్స్‌కు వెళ్లారు.

అక్కడ అర్జీ రాసిచ్చి చదివే గదిలో కూర్చుంటే వీరేశం అనే ఉద్యోగి కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీరు గూడ సదరోళ్లేనా సార్? దినాం వస్తనే ఉన్నరు, పరేషాన్ అయితుంది. మాకైతే సదర్ అంటే దున్నపోతుల పండుగ. గీ సదరోళ్లెవరో నాకైతె ఎర్క లేదు."

"ఎవరికీ ఎరుక లేదు నాయనా, అదే వచ్చిన చిక్కు" అని ఆయన కట్ట విప్పారు. పాత కాగితం వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. అవినాష్ ఫోనులో ఉన్న పేజీ దొరికింది. దాని ముందు పేజీ తిప్పి, కళ్లజోడు సవరించుకుని చదివారు.

'తాడిపర్తి వెంకటప్పయ్య అనువాని గంగమ్మ అను పేరుగల నల్లగేదె కట్టుతాడు తెంచుకొని పొరుగువాని చెరకుతోటలో ప్రవేశించి, పట్టవచ్చిన పాలికాపును కుమ్మి, అంతట బందెలదొడ్డియందు నిర్బంధింపబడినది.'

ఓరి దేవుడా! ఆయన చప్పున పేజీ తిప్పారు. 'సదరు గంగమ్మ కట్టు తెంచుకొని, పోరాడి నిర్బంధింపబడుట నిజమేననియు, సదరు వెంకటప్పయ్య వద్ద ఏడేండ్లుగా ఉన్నదనియు, మూడు ఈతలు ఈనినదనియు, ప్రస్తుతము చూడితో ఉన్నందున దయతలచి విడిచిపెట్టవలెననియు సదరు వెంకటప్పయ్య వేడుకొనుచున్నాడు.'

మూడు ఈతలంటే మూడు కాన్పులు! గోదావరి ఈదిన వీరనారి! విశ్వేశ్వరరావుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చదివే గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. నవ్వీ నవ్వీ ఆగాక, ఆయనకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో ఫొటో కూడా లేని ముత్తాత, పేరు పెట్టి పెంచుకున్న చూడిగేదె కోసం కచేరీ మెట్లెక్కి దొరగారికి దణ్ణం పెట్టాడు. వంశాలూ కత్తులూ ఎందుకు, ఈయన చాలడూ అనిపించింది. ఆ రెండు పేజీలకూ ముద్ర వేయించి నకళ్లు తీసుకున్నారు.

సంఘం మహాసభ కోకాపేటలో పెద్ద ఫంక్షన్ హాల్లో పెట్టారు. వేదిక మీద గంగమ్మ నిలువెత్తు బొమ్మకు పూలదండ. పక్కనే మధుసూదన్, శిరీష, పట్టుబట్టల పెద్దలు. 'గంగమ్మగారి ప్రత్యక్ష సంతతి' అని విశ్వేశ్వరరావుగారిని పైకి పిలిచి శాలువా కప్పి మైకిచ్చారు. ముందు వరసలో అమ్మణ్ణి చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆవిడ పక్కన అవినాష్, వాడి పక్కన ప్రవీణ.

"సదరు గురించి నాకంటే ఎక్కువ రాసినవాడు ఈ హాల్లో లేడండి" అని మొదలుపెట్టారాయన. చప్పట్లు మోగాయి. "ముప్ఫయ్యేళ్లు జీతం తీసుకుని మరీ రాశాను." ఇంకా గట్టిగా మోగాయి.

"సదరు అంటే పైన చెప్పబడిన, అని అర్థమండి. అది ఇంటిపేరు కాదు. సదరు సుబ్బయ్య అంటే పైన చెప్పిన సుబ్బయ్య. అంతే. అలాంటి వంశమేదీ లేదు."

ఆయన నకలు తీసి రెండు పేజీలూ వరసగా చదివారు. 'బందెలదొడ్డి' దగ్గర వెనక ఎవరో కిసుక్కుమన్నారు. 'మూడు ఈతలు' దగ్గర పల్లెటూళ్లలో పుట్టినవాళ్లందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. అందరూ కత్తి కరుచుకున్న గంగమ్మ వైపు చూశారు. బొమ్మ గీసిన కంప్యూటర్‌ను మెచ్చుకోవాలి, ఆ కళ్లు నిజంగా పెద్దవి.

నవ్వులు ఆగకముందే సదరహీ వర్గం లేచి చప్పట్లు కొట్టింది. "మేం మొదట్నుంచీ చెప్తున్నాం! సదరు దొంగ వంశం, సదరహీయే అసలు వంశం!" సదరు వర్గం ఊరుకుంటుందా? వంశం లేకపోయినా సంఘం ఉందనీ, లెటర్‌హెడ్లు కొట్టించాక రద్దు చేసేది లేదనీ కోశాధికారి బల్ల గుద్దాడు. శిరీష మైకు లాక్కుని, "ఇది చిన్న ఇష్యూ, నెక్స్ట్ రిలీజ్‌లో ఫిక్స్ అవుతుంది" అని చిరునవ్వుతో చెప్పింది. తర్వాత మెట్లు దిగి అవినాష్ దగ్గరికి వచ్చి, అదే చిరునవ్వుతో, "మండే వచ్చి ల్యాప్‌టాప్ ఇచ్చెయ్" అంది.

జనం భోజనాలకు కదిలారు. వంశం ఉన్నా లేకపోయినా బిర్యానీ ఉంది కదా! వడ్డన హాలు మూల మధుసూదన్ విశ్వేశ్వరరావుగారి భుజం మీద చెయ్యేసి పక్కకు తీశాడు.

"ఎంత పని జేస్తివి అన్నా!"

"ఇంకా అన్నా ఏమిటండీ? వంశమే లేదని తేలిపోయింది కదా, బావగారూ అనండి."

మధుసూదన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, నేను తెలుగు మీడియంలో సదువుకున్నోణ్ని. రిజిస్ట్రారాఫీసుల సుట్టూ తిరిగి ఇంతటోణ్ని అయినా. సదరు భూమి, సదరు ప్లాటు, సదరు హద్దులు, దినామూ సంతకాలు పెడ్తాండా. సదరు అంటే ఏందో నాకు తెలీదనుకుంటిరా?"

విశ్వేశ్వరరావుగారు నోరెళ్లబెట్టారు. ఇన్నాళ్లూ ఊరంతటికీ తెలియని రహస్యం తనొక్కడే మోస్తున్నానని ఆయన బాధపడిపోయారు మరి!

"తెలిసి తెలిసి ఎందుకండీ ఇదంతా?"

"మీవాని ఉజ్జోగం ఎన్నాళ్లో నమ్మకం ల్యాకపాయ. నేనేమో నలుగుర్లో మాట ఇచ్చిపోతి. కాదంటే మాట తప్పినోడంటారు. అన్నా చెల్లెండ్లని తేలితే ఎవురి తప్పూ ఉండదు. మర్యాదగా ముగుస్తాదని సూస్తి." మధుసూదన్ నిట్టూర్చాడు. "మీరు సూస్తే సబలో సదివి ఉన్న ఉజ్జోగం గూడా పోగొడ్తిరి. ఇంగ నేను సెప్పేదానికి ఏముండాది?"

విశ్వేశ్వరరావుగారు చేతిలో నకళ్ల వైపు చూసుకున్నారు. కొడుకు ఉద్యోగమూ పోయింది, పెళ్లీ పోయింది. చేతిలో ముద్రవేసిన గేదె కాగితం మిగిలింది. ఇంటికెళ్లాక ఆ గది తలుపు ముందు మళ్లీ నిలబడాలన్న ఊహకే ఆయనకు ఏడుపొచ్చింది.

"నాన్నా."

వెనక ప్రవీణ నిలబడి ఉంది. చేతిలో ప్లేటు, పక్కన అవినాష్. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు గాని, మొహం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది.

"ఒక డౌట్ నాన్నా. సదరు అంటే పైన చెప్పినది అనేగా?"

"ఆఁ, అంతే" అన్నాడు మధుసూదన్, ఎటు పోతోందో తెలియక.

"మరి తాంబూలాల రోజున మీరు అందరి ముందూ ఒక మాట చెప్పారు కదా." అడిగేది మెల్లగానే అడిగింది, కానీ పక్క బల్లల దగ్గర కడప చుట్టాల చేతులు ప్లేట్లలోనే ఆగిపోయాయి. "సదరు మాట సంగతేంటి?"

విశ్వేశ్వరరావుగారు సర్కారు కాగితాల మీద ఆ మాటను లెక్కలేనన్నిసార్లు రాశారు. అది ఇంత సరిగ్గా కూర్చున్న చోటు ఆయనకు ఒక్కటీ గుర్తురాలేదు.

మధుసూదన్ చుట్టాల వైపు చూశాడు. చుట్టాలు మధుసూదన్ వైపు చూశారు. ఒక పెద్దాయన ముక్క నమలడం మానేసి, జవాబు కోసం మెడ ముందుకు చాచాడు. అవినాష్ ఆపుకోలేక పకపకా నవ్వేశాడు, ఉద్యోగం పోయిన పూటే.

మధుసూదన్ జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, తుడుచుకోవడానికి ఇంకేమీ మిగలక రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాండి బావగారూ," అన్నాడు చివరికి. "అన్నం సల్లారిపోతాది."